చలికాలం రేసులు పెట్టేవారికి ఓ మాట: మేం ఆగే చోట్లు కూడా చూడండి

రేసు నిర్వాహకులందరికీ నమస్కారం.

మాది ఓ మామూలు రన్నింగ్ క్లబ్. గెలిచేవాళ్లు కొందరున్నారు, మధ్యలో వచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు, వెనకబడ్డవాళ్లని ఎక్కించుకుంటూ ఆఖర్న వచ్చే స్వీప్ వెహికల్‌కి కాస్త ముందు ఫినిష్ చేసేవాళ్లూ ఉన్నారు. చలికాలం వచ్చిందంటే మా వాళ్లు ఇంట్లో కూర్చోరు. సెలవు రోజు తెల్లారేసరికి ఒకరు పొలాల్లో, పచ్చిక మీద పరిగెత్తే క్రాస్ కంట్రీ బురదలో, ఒకరు రోడ్డు మీద పది కిలోమీటర్ల రేసులో, ఇంకొకరు ఏ కొండ మీదో ఉంటారు. మీరు ఈ రేసులు పెట్టకపోతే మా చలికాలం బోసిపోతుంది. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే ఇక్కడి నుంచి రాసేదంతా ఫిర్యాదులాగే ఉంటుంది, నిజానికి ఫిర్యాదే కూడా.

చలి మీద కాదు ఫిర్యాదు. దూరం పరిగెత్తేవాళ్లకి చల్లటి వాతావరణమే అచ్చొస్తుంది, ఐదు నుంచి పది డిగ్రీల మధ్య ఉంటే మారథాన్‌లో చాలామందికి మంచి టైమింగ్ వస్తుందని మీకూ తెలుసు. అసలు క్రాస్ కంట్రీని ఒలింపిక్స్ నుంచి తరిమేసిందే ఎండ. 1924లో పారిస్‌లో, జులై నెలలో, మండుటెండలో పెట్టారు. 38 మంది మొదలుపెడితే ఫినిష్ దాకా వచ్చింది 15 మంది, మిగతావాళ్లు దారిలోనే ఆగిపోయారు, కొందరైతే కూలబడ్డారు, ఆ తర్వాత ఒలింపిక్స్‌లో ఆ పోటీయే ఎత్తేశారు. చలికాలంలో ఆడాల్సిన ఆటని నడి వేసవిలో పెడితే అలాగే అవుతుంది మరి. కాబట్టి చలి వేస్తోంది, రేసు మానేయండి అని అడగడానికి రాయడం లేదు.

మమ్మల్ని దెబ్బతీసేది పరుగు ఆగిన చోటు. స్టార్ట్ దగ్గర నిలబడే ఆ ముప్పావుగంట, దారిలో కాలు పట్టేసి నడక మొదలయ్యే చోటు, ఫినిష్ లైన్ దాటాక మొదటి పది నిమిషాలు. మీ ప్లానింగ్ అంతా మేం పరిగెత్తే దారి చుట్టూ ఉంటుంది, కిలోమీటరు బోర్డులు, మలుపుల దగ్గర దారి చూపే మార్షల్స్, నీళ్ల టేబుళ్లు, టైమింగ్ మ్యాట్లు, అన్నీ పక్కాగా ఉంటాయి. మేం ఆగే చోట్లకి వచ్చేసరికి మాత్రం ఎవరి తిప్పలు వాళ్లవే.

కాస్త లెక్క చెప్తాను, బోర్ కొట్టినా చదవండి. పరుగులో కిలో బరువుకి, కిలోమీటరుకి సుమారు ఒక కేలరీ ఖర్చవుతుంది. 70 కిలోల మనిషి గంటకి 12 కిలోమీటర్ల వేగంతో వెళ్తే గంటకి 840 కేలరీల దాకా, అందులో ముప్పావు వంతుకి పైగా వేడిగానే ఒంట్లోంచి బయటికొస్తుంది. అందుకే సున్నా డిగ్రీల్లో కూడా పల్చటి బనియన్‌తో హాయిగా పరిగెత్తగలం. అదే మనిషి మడమ మెలిక పడి నడకలోకి దిగితే ఆ వేడి దాదాపు మూడో వంతుకి పడిపోతుంది, నిలబడిపోతే ఇంకా తగ్గిపోతుంది. కానీ ఒంటికి అతుక్కున్న తడి బట్ట ఎక్కడికీ పోదు, చర్మం కింద రక్తనాళాలు ఇంకా తెరుచుకునే ఉంటాయి, చెమట ఆరుతూనే ఉంటుంది. అంటే పొయ్యి ఆరిపోయింది, తలుపులు మాత్రం బార్లా తెరిచే ఉన్నాయి. నీరు ఒంట్లోంచి వేడిని లాగేసే వేగం గాలితో పోలిస్తే పాతిక రెట్ల దాకా ఉంటుంది, కాబట్టి తడిసి నిలబడ్డ మనిషికి పొడిగా నిలబడ్డ మనిషికి ఉన్నంత టైమ్ ఉండదు.

ఇంకో సంగతి, థర్మామీటర్ చూసి మాత్రమే నిర్ణయాలు తీసుకోవద్దు. యూకీ కవౌచి అనే జపాన్ రన్నర్ 2018 జనవరి 1న అమెరికాలోని మార్ష్‌ఫీల్డ్‌లో సున్నాకి పది డిగ్రీలకంటే ఇంకా కిందికి పడిపోయిన చలిలో మారథాన్ పరిగెత్తి 2 గంటల 20 నిమిషాల లోపే పూర్తిచేశాడు. అదే ఏడాది ఏప్రిల్‌లో బోస్టన్ మారథాన్ జరిగినరోజు ఉష్ణోగ్రత సున్నాకి పైనే ఉంది, కానీ జోరువాన, ఎదురుగాలి. ఆ రోజు పేరున్న రన్నర్లు ఒకరి తర్వాత ఒకరు తప్పుకున్నారు. మహిళల్లో గెలిచిన డెజిరే లిండెన్ టైమ్ 2:39:54, అక్కడ నలభై ఏళ్లలో గెలిచినవాళ్ల టైముల్లో అదే అన్నిటికన్నా నెమ్మది. పురుషుల్లో గెలిచింది ఎవరో కాదు, ఆ కవౌచియే. పొడి మైనస్ చలి కంటే సున్నాకి పైన కురిసే వాన ఎంత ప్రమాదమో అర్థం కావడానికి ఇంతకంటే ఏం కావాలి? గాలి సంగతీ అంతే. మైనస్ 10 డిగ్రీల్లో గంటకి 30 కిలోమీటర్ల గాలి వీస్తే ఒంటికి మైనస్ 20 లాగా తగులుతుంది. మీరు రేసు ముందు రోజు పంపే మెసేజ్‌లో ఉష్ణోగ్రత ఒక్కటే ఉంటుంది, గాలి ఊసు ఉండదు. ఆ ఒక్క ముక్క కూడా రాస్తే ఎవరికి ఏ జాకెట్ కావాలో వాళ్లే చూసుకుంటారు.

గాన్సు గురించి మీకు చెప్పక్కర్లేదు, అయినా చెప్తాను. 2021 మే 22న చైనాలోని గాన్సు ప్రాంతంలో 100 కిలోమీటర్ల కొండ రేసు. 172 మంది మొదలుపెట్టారు, 21 మంది చనిపోయారు. క్యాలెండర్ ప్రకారం అది చలికాలం కూడా కాదు. ఎత్తైన చోటికి చేరేసరికి గాలి, వడగళ్లు, చలి ఒక్కసారిగా విరుచుకుపడ్డాయి, ఒంటి మీద నిక్కర్లు, పల్చటి చొక్కాలు. చనిపోయినవాళ్లలో ఆ దేశంలో మారథాన్ కంటే ఎక్కువ దూరాలు పరిగెత్తే మేటి అల్ట్రా రన్నర్ లియాంగ్ జింగ్ కూడా ఉన్నాడు, అంటే ఇది చేతకానివాళ్ల సమస్య కాదు. గాలిని ఆపే జాకెట్ ఆ రేసులో తప్పనిసరి సామాన్లలో లేదు, తెచ్చుకుంటే మంచిది అన్నారంతే. ఎవరైనా ముందుకు కదల్లేక ఆగిపోయే చోటికి బండి వెళ్లే దారి లేదు. గొర్రెలు కాసుకునే ఒకాయన అటుగా ఉండి గుహలోకి చేర్చబట్టి ఆరుగురు బతికారు.

మీ రేసులో అలా జరుగుతుందని శాపనార్థాలు పెట్టడం లేదు. ఒక్కటే అడుగుతున్నా: మీ దారిలో అన్నిటికన్నా గాలి కొట్టే చోట ఒక మనిషి పరుగు ఆపేస్తే, అతన్ని నాలుగు గోడల మధ్యకి చేర్చడానికి ఎంతసేపు పడుతుందో మీరెప్పుడైనా నడిచి చూశారా? మ్యాప్ మీద కాదు, నడిచి.

పోయిన చలికాలం మేం వెళ్లిన ఒక హాఫ్ మారథాన్ సంగతి చెప్తా. పేరు వద్దు, వాళ్ల ఒక్కరి తప్పని చెప్పడం నా ఉద్దేశం కాదు, చాలా చోట్ల ఇదే తంతు. సన్నటి వాన. మా క్లబ్ మనిషి ఒకామె ఫినిష్ దాటింది, మంచి టైమింగ్, నవ్వుతోంది. మెడలో పతకం వేశారు, చేతిలో చల్లటి నీళ్ల సీసా పెట్టారు, ఫొటో కోసం బ్యానర్ ముందు లైన్లో నిలబెట్టారు. ఆ లైను దాటితే టైమ్ లెక్కించే చిప్ తిరిగిచ్చే కౌంటర్, ఆ తర్వాత బారికేడ్ల మధ్య చాలా దూరం నడక, ఆ చివర బ్యాగుల కౌంటర్. మేం బారికేడ్ ఇవతల నుంచి కోటు పట్టుకుని పిలుస్తున్నాం, లోపలికి వెళ్లనివ్వరు, బయటి నుంచి ఏదీ అందించకూడదట. ఆమె బ్యాగుల దగ్గరికి వచ్చేసరికి వేళ్లు కొంకర్లు పోయాయి. బ్యాగ్ ఇవ్వాలంటే బిబ్ మీదున్న, అంటే ఛాతీకి గుచ్చుకునే నంబర్ కాగితం మీదున్న ట్యాగ్ చించి ఇవ్వాలి, ఆ ట్యాగ్ జాకెట్ కింద, పిన్నీసు తియ్యడానికి వేళ్లు వంగట్లేదు. కౌంటర్‌లో కుర్రాడు పాపం మంచివాడే, "నంబర్ చెప్పండి చాలు" అన్నాడు. ఆమె నోట్లోంచి నంబర్ ముద్దముద్దగా వచ్చింది, రెండుసార్లు అడిగినా అర్థం కాలేదు. ఆ మాట తడబాటు విన్నాకే మాకు గుండె జారింది. పిన్నీసులు మేం తీశాం, తడి బట్టలు విప్పించి పొడివి తొడిగాం, కారులో హీటర్ పెట్టి కూర్చోబెట్టాం, కాసేపటికి తేరుకుంది. మెడికల్ టెంట్ ఫినిష్ లైన్ పక్కనే ఉంది, కానీ ఫినిష్ దాటినప్పుడు ఆమె బాగానే ఉంది కదా!

ఒంటి లోపలి వేడి 35 డిగ్రీల కంటే కిందికి పడితే హైపోథెర్మియా అంటారు. మొదట వణుకు, చేతులు మాట వినకపోవడం, ఆ తర్వాత మాట తడబడడం, అడుగు తడబడడం, అడిగినదానికి పొంతన లేని జవాబు. ఇంకా ముదిరితే వణుకు ఆగిపోతుంది, చూసేవాళ్లు "హమ్మయ్య, కుదుటపడ్డాడు" అనుకుంటారు, అసలు భయపడాల్సింది అప్పుడే. ఈ నాలుగు మాటలు బ్యాగులిచ్చే కుర్రాడికి, పతకాలు వేసే అమ్మాయికి రేసు పొద్దున చెప్పండి. డాక్టర్ దగ్గరికి ఎవరిని పంపాలో మొదట కనిపెట్టాల్సింది వాళ్లే.

ఫాయిల్ దుప్పటి ఇస్తున్నాం కదా అంటారు. ఇస్తున్నారు, సంతోషం. 1964లో నాసా అంతరిక్షం కోసం తయారుచేయించిన రకం రేకు అది, ఒంటి వేడిని వెనక్కి కొడుతుంది, గాలిని కొంత ఆపుతుంది, అంతేగానీ వేడిని పుట్టించదు. తడి బనియన్ మీద కప్పుకుని గాలిలో రెపరెపలాడిస్తూ బ్యాగుల దాకా నడిస్తే దానివల్ల ఒరిగేది తక్కువ. న్యూయార్క్ మారథాన్‌లో లోపల మెత్తటి లైనింగ్ ఉన్న పోంచోలు ఇస్తారు, అంత ఖర్చు చిన్న రేసులు పెట్టుకోలేవని నాకూ తెలుసు. డబ్బు అక్కర్లేని దారి ఇంకోటి ఉంది.

జపాన్‌లో హకోనే ఎకిడెన్ అని ఉంది, 1920 నుంచి జరుగుతున్న కాలేజీ కుర్రాళ్ల రిలే. జనవరి 2, 3 తేదీల్లో, పది దశలు, రెండు రోజులూ కలిపి 217 కిలోమీటర్ల పైచిలుకు. భుజం మీద పట్టీ వేసుకుని పరిగెత్తి తర్వాతివాడికి అందిస్తారు. ముందున్న జట్టుకి మరీ దూరమైపోతే తర్వాతివాడు తమ పట్టీ అందకుండానే బయల్దేరాలి, అప్పుడు ఆ కుర్రాళ్ల మొహాలు చూడలేం, అది వేరే సంగతి. నేను చెప్పేది ఏంటంటే, పట్టీ అందించేవాడు అందించి అలా తూలాడో లేదో, తన జట్టు మనిషి ఒకడు పెద్ద టవల్‌తో కాచుకుని ఉండి చుట్టేసి పక్కకి తీసుకుపోతాడు. బయల్దేరాల్సినవాడు ఆఖరి నిమిషం దాకా పొడవాటి కోటులో ఉండి, పిలుపు వచ్చాక దాన్ని విప్పి తోటివాడి చేతికిస్తాడు. ఆగే చోట ఒక మనిషి, ఒక టవల్. పెద్ద టెక్నాలజీ ఏమీ కాదు.

మా క్లబ్బులకి ఆ అవకాశం ఇవ్వండి. ప్రతి క్లబ్ నుంచి ఒక్కరికి ఫినిష్ లోపలికి పాస్ ఇవ్వండి, మా కోట్లు మేం మోసుకొస్తాం. ఒంటరిగా వచ్చిన రన్నర్ల కోసం బ్యాగుల కౌంటర్‌ని ఫినిష్‌కి దగ్గరగా జరపండి, ఫొటోల బ్యానర్‌ని దాని తర్వాత పెట్టుకోండి. కోటు వేసుకున్నాక ఎన్ని ఫొటోలైనా దిగుతాం. స్టార్ట్ దగ్గర కూడా ఇదే గొడవ: బ్యాగులు గంట ముందే మూసేస్తారు, ఆ గంటసేపు నిక్కర్ల మీద ఆరుబయట నిలబెడతారు, వార్మప్ చేసినదంతా గాలికి పోతుంది, ఆపైన వేదిక మీద ఉపన్యాసాలు. ముఖ్య అతిథి గారు మాట్లాడేటప్పుడు ఆయన ఒంటి మీద మందపాటి ఓవర్‌కోటు ఉంటుంది గమనించారా? ఆస్తమా ఉన్నవాళ్లకి ఇది మరీ కష్టం, వార్మప్ లేకుండా చల్లటి పొడి గాలిలో ఒక్కసారిగా పరుగందుకుంటే ఛాతీ పట్టేస్తుంది.

బిబ్ గురించి ఒక్క మాట. నంబర్ బయటికి కనపడాలి, కనపడకపోతే డిస్‌క్వాలిఫై అని నిబంధన. దాన్ని బనియన్‌కి పిన్నీసులతో గుచ్చాక, మధ్యలో వాన వస్తే జాకెట్ వేసుకోవాలా, నంబర్ కనపడనివ్వాలా? మా వాళ్లు చాలామంది తడవడానికే మొగ్గు చూపుతారు, ఎందుకంటే రన్నర్ల బుర్ర అలాంటిది. నంబర్‌ని నడుము బెల్టుకి పెట్టుకోనివ్వండి, చిప్‌ని బూటుకి కట్టండి, తగువే ఉండదు.

ఇప్పుడు చివర వచ్చేవాళ్ల సంగతి. వాళ్లు నెమ్మదిగా వెళ్తారు కాబట్టి ఒంట్లో పుట్టే వేడి తక్కువ, బయట గడిపే సమయం ఎక్కువ. అందరికన్నా చలి ఎక్కువ తినేది వాళ్లే. వాళ్లొచ్చేసరికి మీ దగ్గర దుప్పట్లు అయిపోతాయి, వేడి పానీయం చల్లారిపోతుంది, కొన్నిచోట్ల టెంట్ కూడా పీకేస్తుంటారు. మీ దగ్గర వంద దుప్పట్లే ఉంటే మొదట వచ్చిన వందమందికి ఇవ్వకండి, వాళ్లు చాలావరకు గబగబా కార్లలోకి వెళ్లిపోయేవాళ్లే, సగం దాచి ఆఖరివాళ్లకి ఉంచండి. మధ్యలో తప్పుకున్నవాళ్ల పరిస్థితి ఇంకా ఘోరం. దారిలో నీళ్లు, సాయం అందే ఎయిడ్ స్టేషన్ దగ్గర చెమట బట్టలతో నిలబడి, రేసు అంతా అయ్యాక స్వీప్ బస్సు వచ్చేదాకా చూడాలి. వాళ్ల కోసం మధ్యలో ఒక ట్రిప్పు వెయ్యలేరా?

క్రాస్ కంట్రీలో మాకు వెనకవాళ్ల విలువ బాగా తెలుసు. జట్టు స్కోరంటే స్థానాల కూడిక, తక్కువ వస్తే గెలుపు, లీగ్‌ని బట్టి నలుగురో ఆరుగురో లెక్కలోకి వస్తారు. మా మొదటి మనిషి రెండో స్థానంలో వచ్చినా ఆరో మనిషి నూట యాభైలో వస్తే జట్టు గల్లంతే. అందుకని మేం ఆరో మనిషి కోసమే బురదలో నిలబడి గొంతు చించుకుంటాం. పిల్లల రేసులు పొద్దున్నే పెట్టి, బహుమతులు మధ్యాహ్నం పెద్దల రేసు అయ్యాక ఇస్తారు చూశారూ, అది మాత్రం దయచేసి మానండి. చిన్న ఒళ్లు పెద్ద ఒంటికంటే త్వరగా చల్లబడుతుంది, పాపం ఆ పతకం కోసం గంటలు గంటలు పచ్చిక మీద తిరుగుతుంటారు.

మార్షల్స్‌ని కూడా మర్చిపోకండి. వాళ్లలో సగం మంది మా క్లబ్బుల వాళ్లే. మలుపు దగ్గర కదలకుండా మూడు గంటలు నిలబడ్డ మనిషికి పరిగెత్తేవాడికంటే చలి ఎక్కువ, ఇద్దర్ని వేసి మార్చుకోమనండి. నీళ్ల టేబుల్ దగ్గర ఒలికిన నీళ్లు గడ్డకట్టి అద్దంలా తయారవుతాయి, టేబుల్ గడ్డి మీద పెట్టించండి లేదా ఇసుక చల్లించండి, కప్పులు సగమే నింపండి. మంచు పడే చోట దారికి తెల్ల సున్నం గీతలు గీయకండి, నవ్వుతున్నారేమో, గీసినవాళ్లున్నారు. 1876లో ఇంగ్లండ్‌లో మొట్టమొదటి జాతీయ క్రాస్ కంట్రీ పోటీలో పరిగెత్తిన 32 మందీ దారి తప్పి, ఆ రేసునే రద్దు చేయాల్సొచ్చింది. ఆ రికార్డు వాళ్ల పేరుతోనే ఉండనిద్దాం.

రద్దు మాట వచ్చింది కాబట్టి: ఎంత చలి, ఎంత గాలి అయితే రేసు ఆపేస్తారో ఎంట్రీలు తెరిచిన రోజే రాసిపెట్టండి. స్కీయింగ్ సమాఖ్య క్రాస్ కంట్రీ స్కీ పోటీలకి మైనస్ 20 డిగ్రీలని గీత గీసింది, అది దాటితే వాయిదా లేదా రద్దు. మీ గీత ఎక్కడో మీరే గీసుకోండి, కానీ రేసు పొద్దున ఆరింటికి నలుగురు గుమిగూడి, స్పాన్సర్ మొహం చూసి తేల్చే పద్ధతి వద్దు. ముందే రాసి ఉంటే రద్దయినా మేం తిట్టుకోం, అంటే కాస్త తిట్టుకుంటాం, కానీ మళ్లీ ఏడాది వస్తాం.

ఎంట్రీ ఫారం మీద సంతకం పెట్టారుగా, మీ ఒళ్లు మీ బాధ్యత అని మీలో కొందరు అంటారు. కొంతవరకు నిజమే. జాకెట్ తెచ్చుకోవడం మా బాధ్యత, కాటన్ బనియన్‌తో రాకపోవడం మా బాధ్యత, ఒంట్లో తేడాగా ఉంటే ఆగడం మా బాధ్యత. మా క్లబ్‌లో కొత్తగా చేరినవాళ్లకి ఇవన్నీ చెప్పే పంపిస్తాం. కానీ మా జాకెట్ మీ కౌంటర్‌లో, బారికేడ్ల అవతల, ట్యాగ్ చూపిస్తే తప్ప రాని చోట ఉన్నంతసేపు ఆ బాధ్యత మా చేతుల్లో ఉండదు.

వచ్చే సీజన్ ఎంట్రీలు తెరవకముందే వీటిలో ఏవి చేయగలరో, ఏవి కుదరవో జవాబు రాయండి. కుదరనివాటికి కారణం చెప్తే వింటాం. మనుషులు చాలరంటే మా క్లబ్ నుంచి ప్రతి రేసుకీ పరిగెత్తని వాళ్లు ఇద్దరు ముగ్గురు ఎలాగూ వస్తారు, ఫినిష్ దగ్గర బ్యాగుల కౌంటర్ మాకు అప్పగించండి. పిన్నీసులు మేమే తీస్తాం.

ఇట్లు,
మీ రేసుల్లో ఏటా పరిగెత్తే ఒక క్లబ్ సభ్యుడు